కన్నీళ్లు సరే.. చట్టం ఏదీ?

2012 డిసెంబర్ 14న అమెరికాలోని శాండీ హుక్ స్కూల్లో 20 మంది పసిపిల్లలు, ఆరుగురు సిబ్బంది తూటాలకు బలయ్యారు. అప్పటి అధ్యక్షుడు బరాక్ ఒబామా టీవీలోనే కంటతడి పెట్టారు. తుపాకీ మేళాల్లో, ఆన్‌లైన్‌లో కొనేవాళ్ల పూర్వాపరాలు కూడా తనిఖీ చేయాలని అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్‌ను పదే పదే కోరారు. నాలుగు నెలలకే ఆ ప్రతిపాదన సెనేట్‌లో వీగిపోయింది. వచ్చినవి 54 ఓట్లు, కావాల్సినవి 60!

వలస పిల్లల విషయంలో ఒబామా అంతకుముందే వేరే దారి పట్టారు. డ్రీమ్ బిల్లు 2010లో సెనేట్‌లో ఆగిపోవడంతో, 2012 జూన్‌లో ‘డాకా’ ప్రకటించారు. చిన్నప్పుడే అమెరికా చేరి, పత్రాలు లేకుండా ఉండిపోయిన యువతకు రెండేళ్లపాటు పంపేస్తారన్న భయం తప్పింది, పని అనుమతి దొరికింది. గడువు తీరితే మళ్లీ పొడిగించుకోవచ్చు. కానీ అది చట్టం కాదు, సర్కారు నిర్ణయమే. అందుకే 2017లో ట్రంప్ రద్దుకు దిగారు. 2020లో సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో అడ్డుకుంది.

ఇందులో మన తెలుగు కుటుంబాల సంగతీ ఉంది. హెచ్‌1బీ తల్లిదండ్రులతో సక్రమంగా వెళ్లి, వీసాపైనే ఉన్న పిల్లలకు డాకా వర్తించదు. గ్రీన్‌కార్డు క్యూలో ఉండగానే 21 ఏళ్లు దాటితే చాలామందికి డిపెండెంట్ వీసా పోతుంది. ఆ దారి తెరవాల్సిందీ కాంగ్రెసే.