జాగ్రత్తకు దక్కవలసిన ప్రతిఫలము

డ్రైవింగు లైసెన్సు చేతికి వచ్చిన సంవత్సరముననే మొదటి కారు కొను యువతీయువకులు నేడు మన పట్టణములలో విరివిగా కనబడుచున్నారు. ఏ రంగు, ఎంత మైలేజి, నెలకు ఎంత వాయిదా అను విషయములను నెలలతరబడి విచారించు వీరు, షోరూములో చిట్టచివర చేతికిచ్చు బీమా కాగితమును మాత్రము చదువకయే మడిచి డ్యాష్‌బోర్డు అరలో పెట్టుచున్నారు. నో క్లెయిము బోనస్సు సున్న శాతమని అందొక పంక్తి యుండును. ఆ సున్న యెట్లు పెరుగునో, పెరిగినది మరల యెట్లు సున్న యగునో తెలిసికొనుట కొత్త చాలకునికి ఎంత అవసరమో, ఆ పెరుగుదలలోని న్యాయాన్యాయములను విచారించుట మనకందరికిని అంత అవసరము.

కారు ప్రీమియములో ప్రధానముగా రెండు భాగములు కలవు. మన బండి వలన ఇతరులకు కలుగు హానికి బాధ్యత వహించునట్టి థర్డ్ పార్టీ బీమా మొదటిది; దీనిని 1988 నాటి మోటారు వాహనముల చట్టము విధిగా చేసినది. దీని రేటును ప్రభుత్వమే నిర్ణయించును గనుక, 2022 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చిన పట్టిక ప్రకారము 1000 సీసీకి మించి 1500 సీసీ లోపున్న సొంత కారునకు ఏటికి 3,416 రూపాయలు, ఎవరు నడిపినను, ఎంత జాగ్రత్తగా నడిపినను, చెల్లింపక తప్పదు. మన కారునకే కలుగు నష్టమును పూడ్చు ఓన్ డ్యామేజి బీమా రెండవది; బోనస్సు వర్తించునది దీనికి మాత్రమే. ఒక సంవత్సరము క్లెయిము లేకుండ గడచినచో ఈ భాగములో 20 శాతము, వరుసగా రెండేండ్లు గడచినచో 25, మూడేండ్లకు 35, నాలుగేండ్లకు 45, ఐదేండ్లకు 50 శాతము తగ్గింపు లభించును. ఒక్క క్లెయిముతో ఇదంతయు తుడిచిపెట్టుకొని పోవును.

బ్రిటన్ వంటి దేశములలో చాలకుని వయస్సును, అనుభవమును లెక్కించి ప్రీమియమును నిర్ణయింతురు గనుక, కొత్తగా నడుపు పడుచువారిపై మొదటి సంవత్సరముననే పెనుభారము పడుచున్నది. మన దేశమున పద్ధతి వేరు. 2002 నాటి మోటారు టారిఫ్ బండి విలువను, ఇంజిను పరిమాణమును, బండి వయస్సును, అది రిజిస్టరైన ప్రాంతమును ప్రమాణములుగా గ్రహించినది. ఆ లెక్కలో హైదరాబాదు ఎ జోనులోను, విజయవాడ, విశాఖపట్టణములు బి జోనులోను చేరినవి. 2007 జనవరి 1 నుండి సొంతనష్టపు రేట్లను నిర్ణయించుకొను స్వేచ్ఛ బీమా సంస్థలకు లభించినను, నేటికిని ఆ కొలతలే ప్రధానముగా నిలిచియున్నవి. కావున నిన్న లైసెన్సు పొందినవాడును, ఇరువదియేండ్లు నడిపినవాడును ఒకే కారు కొన్నచో, వారిరువురి ప్రీమియములకు గల భేదమంతయు ప్రధానముగా ఈ బోనస్సు వలననే ఏర్పడుచున్నది.

దీని విలువను అంకెలలో చూతము. సొంతనష్టపు ప్రీమియము ఏటికి 10,000 రూపాయలనియు, లెక్క సులువగుటకై అది మారదనియు అనుకొందము. నిజమునకు బండి విలువతోపాటు అదియు కొంత తగ్గుచుండును. క్లెయిము లేనిచో కొత్త చాలకుడు రెండవ యేట 8,000, మూడవ యేట 7,500, అటుపై క్రమముగా 6,500, 5,500, 5,000 రూపాయలు చెల్లించును. ఐదేండ్ల మొత్తము 32,500. మొదటి సంవత్సరముననే ఒక క్లెయిము పెట్టినచో ఈ మెట్లన్నియు ఒక్కొక్క యేడు వెనుకకు జరిగి, ఆ మొత్తము 37,500 అగును. మరుసటి యేడు 2,000 మాత్రమే గదా పోవునది యని తలచువారు, తక్కిన యేండ్లలో వడ్డించబడు 3,000 రూపాయలను గుర్తించుట లేదు. మొత్తము నష్టము 5,000. 18 శాతము జి.ఎస్.టి. కలిపిన 5,900.

అపార్టుమెంటు సెల్లారులో బండిని వెనుకకు తీయుచు స్తంభమునకు తగిలించి బంపరు పగులగొట్టుట కొత్తవారికి సామాన్యముగా జరుగు సంగతి. సర్వీసు సెంటరులో అడ్వైజరు వంగి, ఆ పగులును వ్రేలితో తడవి చూచి, ఫోనుతో నాలుగు ఫోటోలు తీసి, "క్లెయిము పెడతారా సార్, చేతినుంచి కడతారా?" అని అడుగును. కొత్త బంపరు ఖరీదు 6,000 రూపాయలనుకొన్నచో, అది ప్లాస్టిక్కు భాగమగుటచే సాధారణ పాలసీలో సగము తరుగుదల క్రింద పోవును. మిగిలిన 3,000లో, 1500 సీసీకి మించని కారునకు యజమాని విధిగా భరింపవలసిన 1,000 తీసివేయగా బీమా సంస్థ ఇచ్చునది 2,000. జీరో డిప్రిసియేషన్ అనుబంధమున్నను 5,000 మించదు. కావున చిన్న సొట్టలకు, గీతలకు చేతి డబ్బు పెట్టుకొని, బండి ముందుభాగమంతయు నుజ్జయి వేలకొలది ఖర్చగునపుడు మాత్రము సంకోచింపక క్లెయిము పెట్టుట విజ్ఞత.

అయితే మన ఇండ్లలో కొత్త చాలకులలో అధికసంఖ్యాకులు తొలుత నడుపునది తండ్రి కారునే. బోనస్సు బండినిగాని, నడుపువానినిగాని అనుసరింపదు. పాలసీ ఎవరి పేరనున్నదో వారిని అనుసరించును. కుమార్తె చేతిలో కారు దెబ్బతిని క్లెయిము పెట్టినచో, తండ్రి ఐదేండ్లు కూడబెట్టుకొన్న 50 శాతము ఒక్కనాటితో పోవును; పై లెక్క ప్రకారమే ఆ నష్టము ఐదేండ్లలో 12,500 రూపాయలు, పన్నుతో 14,750. మరి అదే కుమార్తె ఆ కారును ఐదేండ్లు నిరపాయముగా నడిపి, ఉద్యోగములో చేరి తన పేరున కారు కొన్ననాడు, ఆమెకు లభించునది సున్న శాతమే. తండ్రి మరణించి బండి సంతానము వశమైనచో బోనస్సు వారికి సంక్రమించునని నిబంధన కలదు. తండ్రి జీవించియుండగా వారు చూపిన జాగ్రత్తకు మాత్రము గుర్తింపు లేదు. తప్పు జరిగినపుడు ఇంటివారందరి చేతలను లెక్కించు పద్ధతి, ఒప్పు జరిగినపుడు ఒక్కని పేరునే చూచుట న్యాయము కాదని నా దృఢాభిప్రాయము.

ఇది సరిదిద్దరాని లోపము కాదు. బ్రిటన్‌లో కొన్ని బీమా సంస్థలు ఇంటి పాలసీలో పేరు చేర్చబడిన సహచాలకుని నిరపాయ వత్సరములకు విలువ నిచ్చుచున్నవి. మన బీమా నియంత్రణ సంస్థయైన ఐ.ఆర్.డి.ఎ.ఐ. కూడ 2022 జూలైలో, నడిపిన దూరమునుబట్టియు, నడుపు తీరునుబట్టియు ప్రీమియమును నిర్ణయించు అనుబంధములకు అనుమతి నిచ్చినది. చాలకుని నడవడికను కొలువవచ్చునని అంగీకరించిన పిమ్మట, పాలసీలో సహచాలకుని పేరు నమోదుచేసి, ఆతడు తన బండి కొన్ననాడు ఆ సంవత్సరములలో కొన్నింటినైనను లెక్కలోనికి తీసికొనుటకు అడ్డేమున్నది? ఆ సంస్థ ప్రధాన కార్యాలయము హైదరాబాదులోనే యున్నది. మన వినియోగదారుల సంఘములు ఈ కోరికను అచ్చట వినిపింపవలయును.

కొత్త చాలకులకు ఒక హెచ్చరిక చేయక తప్పదు. బోనస్సు ధనమునకు సంబంధించినది. మనిషి ప్రాణము దానితో తూచదగినది కాదు. ప్రమాదములో ఎవరైన గాయపడినచో వారికి వైద్యము అందజేయుట, పోలీసులకును బీమా సంస్థకును తెలుపుట చట్టము విధించిన కర్తవ్యములు. బోనస్సు పోవునను భయముతో వాటిని దాటవేయువాడు జాగ్రత్తపరుడు కాడు, దోషి. అట్లే సంస్థ మార్చునపుడు పాత క్లెయిమును దాచి తగ్గింపు పొందినచో, ఆ అసత్యము బయటపడిననాడు సొంతనష్టపు బీమా ప్రయోజనమంతయు రద్దగును. కొన్ని వేలు మిగుల్చుకొనబోయి లక్షల విలువగల రక్షణను పోగొట్టుకొనవలసివచ్చును.

కావున, కొత్తగా స్టీరింగు పట్టిన మిత్రులారా, నేడే ఆ కాగితమును బయటికి తీసి చదువుడు. గడువు తీరిన పాలసీని 90 దినములలోపు పునరుద్ధరింపనిచో బోనస్సు పోవునని గుర్తుంచుకొనుడు. కారు అమ్మునపుడు బోనస్సును కొన్నవానికి వదలిపెట్టక, బీమా సంస్థనుండి ధ్రువపత్రము తీసికొనుడు. అది మూడేండ్లు చెల్లును, తరువాత కొను కారునకు పనికివచ్చును.

— పథికుడు