రసాయన కొలువు దక్కుతోంది.. పగ్గాలు దక్కేదెన్నడు?

• షిఫ్టు ఇన్‌ఛార్జి స్థాయిలోనే ఆగిపోతున్న గ్రామీణ పట్టభద్రులు
• బాధ్యత ఉన్నా యంత్రాన్ని ఆపే అధికారం కరవు
• కళాశాల దశ నుంచే భద్రతా శిక్షణ అవసరం

ఐరాల: చెరకు, మామిడి, పాడి పశువులే జీవనాధారమైన ఐరాల మండలంలో ఒక తరం క్రితం సైన్సు డిగ్రీ చేతికి వచ్చిన యువకుడి చూపు ఉపాధ్యాయ కొలువు వైపే ఉండేది. నేడు పరిస్థితి మారింది. రసాయన శాస్త్రంలో బీఎస్సీ, ఎమ్మెస్సీ లేదా కెమికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసిన వారికి ఔషధ, బ్యాటరీ, ఆహారశుద్ధి పరిశ్రమలు కొత్త ఉపాధిగా మారాయి. తిరుపతి, నాయుడుపేట మొదలుకొని పొరుగు రాష్ట్రంలోని రాణిపేట, మణలి వరకు, హైదరాబాదు శివార్లలోని పాశమైలారం నుంచి అనకాపల్లి జిల్లాలోని పరవాడ, అచ్యుతాపురం వరకు ఈ పట్టభద్రులకు అవకాశాలున్నాయి. అయితే ఉద్యోగంలో చేరడం ఒక ఎత్తు, అక్కడ నిర్ణయాలు తీసుకునే స్థాయికి ఎదగడం మరో ఎత్తు. ఈ రెంటి మధ్య అంతరం యువత భవిష్యత్తుకే కాక, కర్మాగారాల్లో పనిచేసేవారి ప్రాణాలకు కూడా సంబంధించినది కావడం గమనార్హం.

పొరుగు ఊరే ఉదాహరణ

నాయకత్వానికి ఉదాహరణ కోసం ఐరాల యువత దూరం వెళ్లనక్కరలేదు. పొరుగున ఉన్న పూతలపట్టు మండలం పేటమిట్టకు చెందిన గల్లా రామచంద్రనాయుడు అమెరికాలో ఉద్యోగం వదులుకొని స్వదేశానికి తిరిగివచ్చి, 1985లో అమరరాజా సంస్థను స్థాపించారు. తిరుపతి సమీపంలోని కరకంబాడిలో మొదలైన సంస్థ చిత్తూరు సమీపానికి కూడా విస్తరించింది. బ్యాటరీ అనగానే విద్యుత్ పరికరమని భావించడం సహజం. వాస్తవానికి సీసం, సీసపు ఆక్సైడు, గంధకామ్లాలతో నడిచే ఈ పరిశ్రమ పునాది రసాయన శాస్త్రమే.

ఆ పునాది కూడా మారుతోంది. సీసం స్థానంలో లిథియం ముందుకు వస్తోంది. 2022 డిసెంబరులో ఇదే సంస్థ మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో లిథియం సెల్ కర్మాగారం నెలకొల్పేందుకు తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పదేళ్లలో రూ.9,500 కోట్ల పెట్టుబడి పెట్టనున్నట్లు ప్రకటించింది. 2023లో పేరును కూడా అమరరాజా ఎనర్జీ అండ్ మొబిలిటీగా మార్చుకుంది. సీసపు బ్యాటరీల పనిలో ఆరితేరిన యువకుడు లిథియం రసాయనాన్ని నేర్చుకోకుంటే పదేళ్ల అనుభవం ఉండి కూడా కొత్తవాడిగానే మిగిలిపోయే ప్రమాదం ఉంది.

ప్రభుత్వ కర్మాగారమే పాఠశాల

తెలుగునాట ఔషధ పరిశ్రమకు నాయకులు ఒక్కసారిగా పుట్టుకురాలేదు. 1961లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్ సోవియట్ సహకారంతో హైదరాబాదు బాలానగర్‌లో కర్మాగారాన్ని నెలకొల్పింది. అక్కడ పనిచేసిన వారిలో పలువురు తర్వాతి కాలంలో సొంత సంస్థలు స్థాపించారు. గుంటూరు జిల్లా తాడేపల్లి రైతు కుటుంబంలో పుట్టిన కల్లం అంజిరెడ్డి పుణె జాతీయ రసాయన ప్రయోగశాలలో డాక్టరేట్ పూర్తిచేసి ఐడీపీఎల్‌లో చేరారు. అక్కడ నేర్చిన అనుభవంతో 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను ప్రారంభించారు. ఆయనతో కలిసి పనిచేసిన మురళి దివి 1990లో దివీస్ సంస్థకు శ్రీకారం చుట్టారు. ఇంటర్మీడియట్‌లో తప్పిన విద్యార్థి దేశంలోని అగ్రశ్రేణి ఔషధ సంస్థల్లో ఒకదానికి అధిపతి కావడం గ్రామీణ యువతకు ధైర్యమిచ్చే విషయం.

ఇక్కడ గుర్తించవలసినది ఒకటుంది. ఆ తరానికి ఐడీపీఎల్ జీతమిచ్చే సంస్థ మాత్రమే కాదు, ప్రయోగశాలలో కనుగొన్న ప్రక్రియను టన్నుల స్థాయిలో ఎలా నడపాలో నేర్పిన బడి కూడా. నేటి యువతకు అటువంటి బడి కరవైంది. చిత్తూరు, గాజులమండ్యం సహకార చక్కెర కర్మాగారాలు మూతపడటంతో జిల్లాలో రైతుల పంటతోపాటు రసాయన పట్టభద్రులు పని నేర్చుకునే ప్రభుత్వ అండ ఉన్న చోటు కూడా పోయింది.

నిచ్చెన విరిగేది ఇక్కడే

రసాయన పరిశ్రమలో ఎదుగుదల క్రమం దాదాపు అన్నిచోట్లా ఒకటే. ట్రైనీగా చేరి, కెమిస్టుగా, ఎగ్జిక్యూటివ్‌గా, ఆపై షిఫ్టు ఇన్‌ఛార్జిగా మారతారు. ఉత్పత్తి, నాణ్యత నియంత్రణ, నాణ్యత హామీ, పరిశోధన అనే నాలుగు విభాగాల్లో ఎక్కడ చేరినా తొలి మెట్లు ఇవే. ఆపై మేనేజరు, ప్లాంటు అధిపతి స్థాయికి వెళ్లాలంటే ఇతర విభాగాల పరిజ్ఞానం, ఆంగ్లంలో నివేదికలు రాయగల సామర్థ్యం, ఖర్చుల లెక్కలు, భద్రతా విశ్లేషణ తెలిసి ఉండాలి. గ్రామీణ డిగ్రీ కళాశాలలో చదివిన యువకునికి ఈ నాలుగూ పాఠ్యప్రణాళికలో కానరావు. రియాక్టరు వద్ద చెమటోడ్చి నేర్చుకున్న పని విద్య అతడిని ఇన్‌ఛార్జి వరకు తీసుకెళ్లి అక్కడే వదిలేస్తోంది.

అత్యున్నత పీఠం మాటకొస్తే తెలుగు ఔషధ సంస్థల్లో చాలావరకు వ్యవస్థాపక కుటుంబాల చేతుల్లోనే ఉన్నాయి. మార్పు లేకపోలేదు. డాక్టర్ రెడ్డీస్ 2019లో సీఈఓ బాధ్యతలను కుటుంబానికి సంబంధం లేని ఎరెజ్ ఇజ్రాయెలీకి అప్పగించింది. వృత్తి నిపుణులకు పై మెట్టు పూర్తిగా మూసుకుపోలేదని దీనివల్ల తేటతెల్లమవుతోంది. అయినా వేలాది యువతకు అందుబాటులో ఉన్న నాయకత్వం ప్లాంటు స్థాయిదే. దాని విలువ తెలిసేది ప్రమాదం జరిగిన రోజునే.

ప్రమాదాలు నేర్పిన పాఠం

1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి జరిగిన భోపాల్ దుర్ఘటనకు ముందే అక్కడి విషవాయు విభాగంలో షిఫ్టుకు 12 మంది ఉండే సిబ్బందిని 6కు కుదించారు. శిక్షణ కాలాన్ని తగ్గించారు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. ప్రజలను హెచ్చరించే సైరన్‌ను మోగించలేదని నీరబ్ కుమార్ ప్రసాద్ నేతృత్వంలోని ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. సైరన్ పరికరం ఉంది. దానిని మోగించిన వారే లేరు.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఎసియెన్షియా కర్మాగారంలో ద్రావణి లీకై, దాని ఆవిరి అంటుకొని జరిగిన పేలుడులో 17 మంది మృతిచెందారు. మృతుల్లో యువ ఇంజినీర్లు, ట్రైనీలు ఉండటం రాష్ట్రాన్ని కలచివేసింది. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో జరిగిన పేలుడు 50 మందికి పైగా బలిగొన్నది. ఐరాలకు పొరుగునే ఉన్న పూతలపట్టు మండలం బండపల్లెలో 2020 ఆగస్టులో ఒక పాల శుద్ధి కర్మాగారంలో అమ్మోనియా లీకై పలువురు మహిళా కార్మికులు ఆస్పత్రి పాలయ్యారు. పాలు, మామిడి గుజ్జు పరిశ్రమల్లో శీతలీకరణకు వాడే అమ్మోనియా కూడా ప్రమాదకర రసాయనమేనన్న సంగతి ఆ ఘటనతో జిల్లావాసులకు తెలిసివచ్చింది.

ఇందుకు భిన్నమైన అనుభవం కూడా జిల్లాలోనే ఉంది. 2023 జనవరి 30న చిత్తూరు సమీపంలోని అమరరాజా బ్యాటరీ విభాగంలో భారీ అగ్నిప్రమాదం సంభవించింది. విధుల్లో ఉన్నవారిని సకాలంలో బయటకు తరలించడంతో ప్రాణనష్టం తప్పింది. యంత్రాలు కాలినా మనుషులు మిగిలారు.

అర్ధరాత్రి షిఫ్టులో రియాక్టరు ఉష్ణోగ్రత అదుపు తప్పుతున్నప్పుడు యాజమాన్యం గాని, తనిఖీ అధికారి గాని అక్కడ ఉండరు. ఉండేది పాతికేళ్ల షిఫ్టు ఇన్‌ఛార్జి. ఆ బ్యాచ్‌ను ఆపితే లక్షల రూపాయల సరుకు పాడవుతుంది, మర్నాడు సంజాయిషీ చెప్పుకోవాలి. ఆపకుంటే ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ క్షణంలో ఆపగల జ్ఞానం, ఆపినందుకు శిక్ష పడదన్న భరోసా.. ఈ రెండూ ఉన్నప్పుడే అతడు నాయకుడు. లేనప్పుడు అది నిందను మోయడానికి ఇచ్చిన హోదా మాత్రమే.

నాణ్యత విభాగంలోనూ ఇదే పరీక్ష ఎదురవుతుంది. పరీక్ష ఫలితం అనుకున్నట్లు రాకుంటే అంకెను దిద్దమన్న ఒత్తిడికి యువ విశ్లేషకుడు లొంగితే, ఏనాటికైనా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తనిఖీలో బయటపడి ఎగుమతులే నిలిచిపోయే పరిస్థితి తలెత్తుతుంది.

చట్టం ఉన్నా చిన్న సంస్థలకు దూరం

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి ప్రకారం 500 మంది, ప్రమాదకర ప్రక్రియలున్న చోట 250 మంది పనిచేసే కర్మాగారాలు భద్రతాధికారిని నియమించుకోవాలి. నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి. మరి 80 మందితో నడిచే చిన్న రసాయన సంస్థ సంగతేమిటి? అక్కడ భద్రతాధికారి, ఉత్పత్తి అధికారి, అగ్నిమాపక బాధ్యుడు అన్నీ ఆ షిఫ్టు ఇన్‌ఛార్జే. తగిన శిక్షణ అత్యవసరమైన ఆ చోటే దానిని తప్పనిసరి చేసే నిబంధన పలుచబడుతోంది.

మహిళల విషయంలో బాధ్యత మరింత పెరిగింది. కర్మాగారాల్లో మహిళలు సమ్మతిస్తే రాత్రి షిఫ్టుల్లో పనిచేసేందుకు వీలుగా 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. రవాణా, రక్షణ సౌకర్యాలు కాగితాలకే పరిమితమైతే ఆడపిల్లలు పగటి ప్రయోగశాల పనికే పరిమితమై, ఉత్పత్తి విభాగం నుంచి వచ్చే ఉన్నత పదవులకు దూరమవుతారు. హైదరాబాదులోని ఐఐసీటీకి ఎం.లక్ష్మీకాంతం డైరెక్టరుగా పనిచేయడం సామర్థ్యానికి స్త్రీ పురుష భేదం లేదని చాటుతోంది.

చేయవలసినదేమిటి?

జిల్లాకు విద్యాసంస్థల కొరత లేదు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో దశాబ్దాలుగా రసాయన శాస్త్ర బోధన సాగుతోంది. తిరుపతిలో ఐఐటీ, ఐసర్ 2015లో ఏర్పడ్డాయి. ఇవి డిగ్రీ కళాశాలల విద్యార్థులకు సెలవుల్లో భద్రతా శిక్షణ ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. ప్రక్రియలో ఎక్కడ తేడా వస్తే ఏమవుతుందో అడుగడుగునా ప్రశ్నించుకునే హజాప్ పద్ధతిని బ్రిటన్‌కు చెందిన ఐసీఐ సంస్థ 1960వ దశకంలోనే రూపొందించింది. దానికి కావలసినవి ఖరీదైన యంత్రాలు కావు, ఒక బల్ల, ప్రక్రియ చిత్రపటం, ప్రశ్నించే మనుషులు.

1947లో హీరాలాల్ రాయ్ చొరవతో ఏర్పడిన భారత కెమికల్ ఇంజినీర్ల సంస్థలో విద్యార్థులకూ సభ్యత్వం ఉంది. అటువంటి వేదికల్లో చేరితే అనుభవజ్ఞుల పరిచయం, ఇతర కర్మాగారాల్లో జరిగిన పొరపాట్ల సమాచారం అందుతాయి. యువత కూడా ఒకే విభాగంలో ఏళ్లతరబడి ఉండిపోక, ఉత్పత్తి, నాణ్యత, భద్రత మూడింటినీ చవిచూడాలి. షిఫ్టు మారేటప్పుడు పుస్తకంలో రాసే వివరాన్ని మొక్కుబడిగా కాక, తర్వాత వచ్చే సహోద్యోగి ప్రాణానికి పూచీగా భావించాలి.

పరిశ్రమల యాజమాన్యాలు చేయవలసినది మరొకటుంది. ప్రమాద సూచన కనిపించినప్పుడు ప్రక్రియను ఆపే అధికారాన్ని షిఫ్టు ఇన్‌ఛార్జికి లిఖితపూర్వకంగా ఇవ్వాలి, ఆపినవారిపై చర్య ఉండదని ప్రకటించాలి. కర్మాగారాల తనిఖీ శాఖ తన తనిఖీల్లో యంత్రాలతోపాటు ఈ ఉత్తర్వును కూడా అడిగి చూడాలి. ఐరాల వంటి మండలాల నుంచి బిడ్డలను దూర ప్రాంతాల కర్మాగారాలకు పంపుతున్న తల్లిదండ్రులు సైతం జీతమెంత అని అడిగేముందు, నియామక పత్రం ఇచ్చారా, శిక్షణ ఎన్ని రోజులు అని అడగడం అలవరచుకోవాల్సిన అవసరం ఉంది.