పిండిలో ఫోలిక్ యాసిడ్: మన వంటింటి దాకా వస్తుందా?

బ్రిటన్‌లో తయారయ్యే, అమ్ముడయ్యే గోధుమపిండిలో ఫోలిక్ యాసిడ్ కలపాలని 2024 నవంబరులో ఇక్కడి ప్రభుత్వం చట్టం చేసింది. 100 గ్రాముల పిండికి 250 మైక్రోగ్రాములు. మిల్లులకిచ్చిన గడువు 2026 డిసెంబరు 13. దీనివల్ల ఏటా 200 మంది దాకా పిల్లలకు వెన్నుపాము, మెదడు లోపాలు తప్పుతాయని ప్రభుత్వ అంచనా.

మంచి పనే, కానీ చాలా ఆలస్యమైంది. అలాంటి బిడ్డను ఒకసారి కన్న తల్లులకు ఈ విటమిన్ ముందునుంచే ఇస్తే మళ్ళీ ఆ లోపం వచ్చే అవకాశం 72 శాతం తగ్గుతుందని బ్రిటిష్ మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ 1991లోనే తేల్చింది. అమెరికా 1998లో దీన్ని తప్పనిసరి చేసింది. పరిశోధన చేయించిన దేశమేమో మూడు దశాబ్దాలు ఆలోచిస్తూ కూర్చుంది! అన్నట్టు, 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే.

నా సందేహం వేరే. ఈ చట్టం పొట్టు తీసిన గోధుమపిండికే వర్తిస్తుంది. పూర్తి పొట్టుతో ఉండే హోల్‌మీల్ పిండికి మినహాయింపు ఉంది. బియ్యం ఊసే లేదు. అంటే తెల్ల బ్రెడ్ తినేవాళ్ళకు తెలియకుండానే విటమిన్ అందుతుంది. అన్నం, ఇడ్లీ, దోసె, హోల్‌మీల్ ఆటాతో చేసిన చపాతీ తినే మన ఇళ్ళకు అందేది తక్కువ. మీరు కొనే ఆటా సంచి మీద హోల్‌మీల్ అని ఉందో, మీడియం అని ఉందో చూడండి. మీడియంలో కొంత పొట్టు తీసేస్తారు కాబట్టి అది చట్టం కిందికి వస్తుంది.

అమెరికాలో ఇదివరకే ఇలా జరిగింది. 1998 నాటి నిబంధన మెక్సికన్ల మొక్కజొన్న పిండిని వదిలేసింది. వాళ్ళ పిల్లల్లో ఈ లోపాలు మిగతావారికంటే ఎక్కువగా కనబడుతూనే వచ్చాయి. ఆ పిండిలో కలపడానికి అనుమతి దొరికింది 2016లో. కాలిఫోర్నియా 2024లో చట్టం చేసి, 2026 జనవరి నుంచి తప్పనిసరి చేసింది. అక్కడి మనవాళ్ళు ఇంకో సంగతి గమనించాలి. 'ఎన్రిచ్‌డ్' అని రాసిన బియ్యంలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. ఇండియన్ స్టోర్లో కొనే సోనామసూరి సంచి మీద ఆ మాట సాధారణంగా ఉండదు. ఉన్న బియ్యాన్నేమో మనం మూడుసార్లు కడుగుతాం. ఊళ్ళో అయితే ఆ నీళ్ళు గేదె కుడితిలోకైనా పోయేవి, ఇక్కడ విటమిన్‌తో సహా సింకులోకి పోతాయి.

గోంగూర, తోటకూర, పప్పు తింటున్నాం కదా అంటారు. తినవలసిందే. కానీ వాటిలోని ఫోలేట్ వండేటప్పుడు చాలావరకు పోతుంది. పైగా బిడ్డ న్యూరల్ ట్యూబ్ మూసుకునేది గర్భం నిలిచిన 28 రోజుల్లోపే, అప్పటికి చాలామందికి తాము గర్భవతులమని కూడా తెలియదు. అందుకే గర్భం కోసం ప్రయత్నించేటప్పటి నుంచి 12వ వారం దాకా రోజూ 400 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోమని ఎన్‌హెచ్‌ఎస్ చెబుతోంది. షుగర్ ఉన్నవారికి, కుటుంబంలో ఈ లోపం ఉన్నవారికి 5 మిల్లీగ్రాములు కావాలి. దానికి డాక్టరు చీటీ తప్పనిసరి. మనవాళ్ళలో షుగర్ ఎంత ఎక్కువో చెప్పనక్కరలేదు.

బియ్యం, హోల్‌మీల్ ఆటా సంగతి ఏమిటని మన తెలుగు సంఘాలు ప్రభుత్వాన్ని అడగాలని నా అభిప్రాయం. దీపావళి విందులకు ఎంపీలను పిలుస్తూనే ఉన్నాం కదా.

శాకాహారులకు ఇంకొక మాట. ఫోలిక్ యాసిడ్ ఎక్కువ మోతాదులో తీసుకుంటే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపించి, బీ12 లోపం బయటపడకపోవచ్చు. లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. కాళ్ళూ చేతులూ తిమ్మిర్లెక్కుతుంటే బీ12 పరీక్ష కూడా చేయించమని మీ డాక్టరును అడగండి.