నలుగురు నవ్వారని సైకిల్ ఆపొద్దు!

బరువు తగ్గడానికి సైకిల్ తొక్కమంటే మా నూజివీడు వైపు చాలామంది కాదనరు. ఉత్సాహంగా కొంటారు కూడా. నెల తిరిగేసరికి దాని మీద తువ్వాళ్లు ఆరేస్తుంటారు. ఎందుకు ఆపేశారని ఓపీలో అడిగితే మోకాళ్లంటారు, ఎండంటారు, టైం లేదంటారు. ఇంకాస్త మాట్లాడితే అసలు సంగతి బయటపడుతుంది. ‘టీకొట్టు దగ్గర నవ్వుతున్నారండీ, పాపం సైకిల్ అంటున్నారు’ అని నలభై అయిదేళ్ల మనిషి తల దించుకుని చెబుతాడు. ఆడవాళ్ల సంగతి మరీను. బడికి సైకిల్ మీద వెళ్లిన అమ్మాయిలే పెళ్లయ్యాక దాన్ని ముట్టడానికి జంకుతారు.

లావుగా ఉన్నవాళ్లు వ్యాయామం మానేయడానికి బద్ధకం కన్నా సిగ్గే పెద్ద కారణమని నా అభిప్రాయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో 36 శాతం, పురుషుల్లో 31 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. అంటే ఆ నవ్వేవాళ్లలోనూ ప్రతి ముగ్గురిలో ఒకరు మీలాంటివారే.

సైకిల్ మోస్తుందా అన్న అనుమానం వద్దు. మనిషితోపాటు రెండు పాల క్యాన్లు మోసే మామూలు స్టీలు సైకిల్‌ని రోజూ చూస్తూనే ఉన్నాం. గేర్ల సైకిల్ కొనేటట్లయితే ఎంత బరువు తట్టుకుంటుందో షాపులో అడగండి. టైర్లలో గాలి తగ్గకుండా చూసుకోండి. పెడల్ కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగేలా సీటు ఎత్తు పెట్టించుకోండి. బరువులో ఎక్కువ భాగం సీటు మీదే పడుతుంది కాబట్టి నడక కన్నా మోకాళ్లకు తేలిక.

ఇక మీ ఉత్సాహాన్ని చంపే రెండోది బరువు చూసే మిషన్. అరగంట నింపాదిగా తొక్కితే సుమారు 200 కేలరీలు ఖర్చవుతాయి. కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలుంటాయి. తిండి మార్చకుండా కిలో తగ్గాలంటే రోజూ తొక్కినా నెల పైనే పడుతుంది. పెద్ద బంగినపల్లి పండు ఒక్కటి తింటే ఆ అరగంట లెక్క దాదాపు సరి! పండు మానేయమనడం లేదు, తొక్కాం కదా అని అదనంగా రెండు తినొద్దంటున్నానంతే.

బరువు కదలకపోయినా లోపల మేలు జరుగుతూనే ఉంటుంది. తొక్కిన రోజు కండరాలు రక్తంలోని గ్లూకోజును బాగా వాడుకుంటాయి. ఆ ప్రభావం ఒకటి రెండు రోజులుంటుంది. కాబట్టి వరుసగా రెండు రోజులకు మించి మానొద్దు. గోడ మీది క్యాలెండర్లో తొక్కిన రోజల్లా టిక్కు పెట్టండి. బరువు నెలకోసారి చూసుకుంటే చాలు.

మొదట పది నిమిషాలతో ప్రారంభించండి. తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. మెల్లగా వారానికి 150 నిమిషాలకు చేరండి. తెల్లారగానే, ఎండ ముదరకముందే తోటల మధ్య దారుల్లో వెళ్లండి. అక్కడ చూసి నవ్వేవాళ్లూ తక్కువే.

షుగరు, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందుగా డాక్టరుని కలవాలి. షుగరుకు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవారు జేబులో కాస్త పంచదారో గ్లూకోజో ఉంచుకోవాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, మరీ ఆయాసం అనిపిస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంట్లోవాళ్లకీ ఒక మాట. వీధిలో వాళ్ల నవ్వు కన్నా ఇంట్లో వేసే జోకు ఎక్కువ గుచ్చుకుంటుంది. ‘ఏమైనా తగ్గారా?’ అని రోజూ అడక్కండి. ‘ఇవాళ ఎంతదూరం వెళ్లొచ్చారు?’ అని అడగండి. వీలైతే రేపు మీరూ ఇంకో సైకిల్ తీసి వెంట వెళ్లండి.