ఎరువు కారు



చాలా రోజుల తరువాత రాస్తున్న టపా ఇది. విషయం కారు బీమా. తెలుగు పండితుడికి బీమాతో పనేమిటని నవ్వుకోకండి. ఈ వ్యవహారంలో నేను ప్రతివాదిగా కోర్టు నోటీసు కూడా అందుకున్నవాణ్ణి. అయినా పాత అలవాటు పోదు కనుక ఒక పదంతోనే మొదలుపెడతాను.

ఒకరి సొత్తును మరొకరు తెచ్చుకోవడానికి మన భాషలో వేర్వేరు మాటలున్నాయి. అప్పు తెచ్చిన డబ్బు ఖర్చయిపోతుంది. తిరిగి ఇచ్చేది వేరే డబ్బు. చేబదులూ అంతే, కాకపోతే వడ్డీ ఉండదు. ఎరువు అలా కాదు. ఏ వస్తువు తెచ్చామో ఆ వస్తువునే, తెచ్చినది తెచ్చినట్టుగా, తిరిగి అప్పగించాలి. పూర్వం పెళ్ళిళ్ళకు కాసులపేరు, వడ్డాణం ఎరువు తెచ్చుకునేవారు. ఎరువు సొమ్ము బరువు చేటు అన్న సామెత అలా పుట్టినదే. నేటి పిల్లలకు ఎరువంటే యూరియా, డీఏపీ మాత్రమే. మాట మరుగున పడింది గాని పని ఆగలేదు. వడ్డాణం స్థానంలో ఇప్పుడు కారు వచ్చింది.

2023 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారానికి, నా మిత్రుడొకరు నా కారు ఎరువడిగారు. నలభై ఏళ్ళ స్నేహం; ఆయనా ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవారే. బాపట్లలో మేనకోడలి నిశ్చితార్థం. తెనాలి నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల వెళ్ళి, అక్కడి నుంచి అక్కగారిని రేపల్లెలో దింపి, సాయంత్రానికి తెనాలి చేరాలని ఆయన సంకల్పం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి తెనాలి గుంటూరు జిల్లాలోనూ, బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలోనూ ఉండిపోయాయి గాని, మన చుట్టరికాలకు ఆ సరిహద్దు పట్టదు. తాళం చేతికిచ్చాను. "జాగ్రత్తగా వెళ్ళి రండి మాస్టారూ" అన్నాను. అంతకు మించి ఒక్క ప్రశ్న వేయలేదు. వేయకపోవడమే మర్యాద అనుకున్నాను.

డెల్టాలో వరి కోతలయ్యాక రోడ్లెలా ఉంటాయో ఈ ప్రాంతం వారికి తెలుసు. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, ఆ చుట్టూ రాళ్ళు పెడతారు. భట్టిప్రోలు దాటి తెనాలి వైపు వస్తుంటే చీకటి పడింది. ధాన్యపు రాశి తప్పించబోయి మిత్రుడు కుడివైపుకు తిప్పారు. ఎదురుగా సైకిలు మీద వస్తున్న ఒక వ్యవసాయ కూలీకి కారు తగిలింది. ఆపైన కల్వర్టు గోడకు గుద్దుకుని ఆగింది. కూలీకి కాలు విరిగింది. మిత్రుడే అతణ్ణి వేరొకరి బండిలో తెనాలి ఆసుపత్రికి చేర్చి, అక్కడి నుంచి నాకు ఫోను చేశారు. ఆయన గొంతు వణుకుతున్నది. "మాస్టారూ, మీ కారు..." అని ఆగిపోయారు. మనుషులెలా ఉన్నారని అడిగాను. ఆ రాత్రి నేను చేసిన సరైన పని అదొక్కటే.

మరునాడు ఉదయం బీమా ఏజెంటు వచ్చాడు. "మాస్టారూ, బండి మీ పేరన ఉంది. వేరేవాళ్ళు నడిపారంటే కంపెనీ వాళ్ళు కొర్రీలు వేస్తారు. మీరే నడిపారని రాసెయ్యండి, గొడవుండదు" అన్నాడు. చెడ్డవాడు కాదు, నాకు మేలు చేస్తున్నాననే అతని నమ్మకం. షెడ్డులో మెకానిక్కూ అదే మాట అన్నాడు. మిత్రుడు తలవంచుకుని కూర్చున్నారు. ముప్ఫై ఏళ్ళ పాటు తరగతి గదిలో హరిశ్చంద్రుడి కథ చెప్పిన నేను కలం చేతిలోకి తీసుకున్నాను. దాచడమెందుకు, సంతకం చేయబోయాను కూడా. అసలు పాలసీలో ఏమున్నదో ఒకసారి చూద్దామన్న ఆలోచన ఆలస్యంగానైనా వచ్చింది.

భూతద్దం పెట్టుకుని ఆ ఇంగ్లీషు అక్షరాలు చదివాను. డ్రైవరు గురించిన నిబంధన ఒకటున్నది. దాని సారాంశం ఇంతే: బీమాదారు గాని, మరెవరైనా గాని నడపవచ్చు, అయితే ప్రమాద సమయానికి ఆ వ్యక్తికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి, అతడు నడపడానికి అనర్హుడై ఉండకూడదు. అంటే మన దేశంలో మోటారు బీమా ప్రధానంగా బండిని అంటిపెట్టుకుని ఉంటుంది. యజమాని అనుమతితో, లైసెన్సుతో, మద్యం తాగకుండా నడిపిన మిత్రుడు చేసిన ప్రమాదానికి ఆ రక్షణ వర్తిస్తుంది. మిత్రుడి లైసెన్సు సరిగానే ఉన్నది. చెప్పవలసిన అవసరమే లేని అబద్ధం నేను చెప్పబోయాను!

అది ఎంత ప్రమాదకరమైన అబద్ధమో తరువాత తెలిసింది. పోలీసులు నమోదు చేసే కేసు నడిపిన మనిషి మీద ఉంటుంది. ఆసుపత్రిలో గాయపడినవాణ్ణి చేర్చింది ఎవరో కాగితాల మీద ఉంటుంది. నడిపిందెవరో ఆ కూలీ కళ్ళారా చూశాడు. నేనే నడిపానని రాసి ఉంటే, న్యాయంగా రావలసిన బీమా సొమ్మును కంపెనీ తప్పుడు ప్రకటన పేరిట నిరాకరించవచ్చు. నేను చేయని నేరానికి ముద్దాయినయ్యేవాణ్ణి. ఇక కాలు విరిగిన మనిషికి రావలసిన పరిహారం మా అబద్ధంలో చిక్కుకునేది. మన ఊళ్ళలో సహాయం పేరుతో రోజూ వినిపించే సలహా ఇది. ఇందులో పుణ్యమూ లేదు, లాభమూ లేదు.

ఉన్నదున్నట్టు రాశాము. సర్వేయరు వచ్చి చూశాడు. మరమ్మతు 64 వేలయింది. బీమా నుంచి 41 వేలు వచ్చింది. తక్కినది ఎందుకు రాలేదంటే, కారు పాతబడిన కొద్దీ ఇనుప భాగాలకు తరుగు తీస్తారు; ప్లాస్టిక్కు, రబ్బరు భాగాలకు సగమే ఇస్తారు. ఆపైన ప్రతి క్లెయిములోనూ యజమాని తప్పనిసరిగా భరించవలసిన మొత్తం కొంత ఉంటుంది. అది 1500 సీసీ వరకు ఉన్న కారుకు వెయ్యి రూపాయలు, అంతకు మించితే రెండు వేలు.

కంటికి కనపడని నష్టం మరొకటి. క్లెయిము లేకుండా గడిచిన ఏళ్ళకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు మొదటి ఏడాదికి 20 శాతం, తరువాత 25, 35, 45, చివరకు 50 శాతం. ఒక్క క్లెయిముతో అది సున్నా అవుతుంది. నేను 50 దగ్గర ఉన్నాను. సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియం ఎనిమిది వేలనుకుంటే, మళ్ళీ 50కి చేరేలోగా మొత్తం మీద పదివేలు అదనంగా కట్టాలి. చిత్రమేమంటే, బీమా రక్షణ బండిది, ఈ తగ్గింపు మాత్రం మనిషిది. నడిపింది మిత్రుడైనా పోయింది నాది.

ఇక ఆ కూలీ పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేశాడు. ఆ సాయంత్రం ఇంట్లో పడక కుర్చీలో భాగవతం చదువుకుంటున్న నేను అందులో రెండవ ప్రతివాదిని. మొదట చివుక్కుమన్నది. ఆలోచిస్తే న్యాయమే అనిపించింది. రోడ్డెక్కిన బండికి యజమాని జవాబుదారీ కాకపోతే, దెబ్బ తిన్న పేదవాడు ఎవరి వెంట తిరుగుతాడు? 1988 మోటారు వాహనాల చట్టం ఇతరులకు కలిగే నష్టానికి బీమాను తప్పనిసరి చేసింది అందుకే. చివరకు లోక్ అదాలత్‌లో రాజీ కుదిరి, బీమా కంపెనీయే చెల్లించింది.

మా కథ ఇలా ముగియడానికి కారణం మిత్రుడి జేబులో ఉన్న లైసెన్సు. అది లేకపోతే? లైసెన్సు లేనివారికి బండి ఇవ్వకూడదని చట్టం యజమానికే చెబుతున్నది. 2019 సవరణ తరువాత ఆ తప్పుకు మూడు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల జరిమానా, లేదా రెండూ. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట మనకు ముఖ్యం. లైసెన్సు లేదన్నంత మాత్రాన కంపెనీ తప్పించుకోలేదు. యజమాని తగిన జాగ్రత్త తీసుకోలేదని అది రుజువు చేయాలి. రుజువైనా, ముందు బాధితుడికి చెల్లించి, తరువాత యజమాని నుంచి రాబట్టుకోమని కోర్టు ఆదేశించవచ్చు. అంటే అడిగి చూసిన యజమానికి రక్ష ఉన్నది. మర్యాద పేరుతో అడగని యజమానికి లేదు. మా వయసువారికి మరొక హెచ్చరిక: యాభై ఐదు దాటాక లైసెన్సు తీసుకున్నా, పునరుద్ధరించుకున్నా అది ఐదేళ్ళకే. ఎప్పుడు ముగిసిందో తెలియకుండానే ముగిసిపోతుంది.

అంతకన్నా బాధాకరమైనది ఎరువు తీసుకున్నవారి సంగతి. 2020 జనవరిలో రామ్‌ఖిలాడీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చదివాను. ఎరువు తెచ్చుకున్న మోటారు సైకిలు మీద వెళుతూ ఒకడు మరణించాడు. ఢీకొన్నది వేరొక బండి. కుటుంబం మాత్రం ఎరువు బండి యజమాని మీద, దాని బీమా కంపెనీ మీదనే పరిహారం కోరింది. బండి తెచ్చుకున్నవాడు యజమాని స్థానంలోకి వచ్చాడు కనుక ఇతరులకిచ్చే పరిహారం అతనికి వర్తించదని కోర్టు చెప్పింది. పాలసీలోని వ్యక్తిగత ప్రమాద బీమా కింద లక్ష రూపాయలు మాత్రం ఇప్పించింది. 2009లో కర్ణాటకకు చెందిన నింగమ్మ కేసులోనూ ఇదే సూత్రం. తరువాత ఆ వ్యక్తిగత రక్షణను 15 లక్షలకు పెంచారు గాని, అది యజమాని తన బండిని తాను నడిపేటప్పటికి ఉద్దేశించినది. తరచూ ఒకరి బండి అడిగేవారు తమ పేరున విడిగా ప్రమాద బీమా తీసుకోవడం కుటుంబానికి చేసే ఉపకారం.

మన పూర్వులకు ఈ చిక్కులు కొత్త కావు. ఎరువును ధర్మశాస్త్రాలు యాచితకం అన్నాయి. పెళ్ళి వంటి శుభకార్యాలకు అడిగి తెచ్చుకున్న బట్టలు, నగలు యాచితమని మితాక్షరలో విజ్ఞానేశ్వరుడు వివరించాడు. తీసుకున్నది తీసుకున్నట్టే తిరిగి ఇవ్వాలనీ, మనిషి చేతిలో లేని ఆపద వల్ల నశిస్తే దోషం లేదనీ కౌటిల్యుడు విధించాడు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం కూడా, తన సొత్తును వివేకవంతుడు ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త చూపమన్నది.

కనుక నా అభిప్రాయం ఇది. తాళం ఇచ్చే ముందు లైసెన్సు చూపించమనడం అవమానం కాదు. అడిగించుకోకుండా చూపించడం ఇంకా మర్యాద. బీమా ఇవ్వని మొత్తాన్ని ఎరువు తీసుకున్నవారు భరించాలి. భరిస్తామన్నప్పుడు యజమాని మొహమాటంతో కాదనకూడదు. కాదంటే ఆ బాకీ స్నేహం మీద మిగిలిపోతుంది. ఇక బీమా కంపెనీలు ఆ ఒక్క డ్రైవరు నిబంధననైనా పెద్ద అక్షరాలతో తెలుగులో ముద్రించాలి. అది చదవగలిగినవాడికి అబద్ధం చెప్పే అవసరం రాదు.

మా మిత్రుడు తక్కిన 23 వేలు తెచ్చి ఇచ్చారు. మొదట వద్దనబోయాను. ఆయన ముఖం చూసి తీసుకున్నాను. ఆ తరువాతే ఆయన మళ్ళీ మునుపటిలా మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. పోయిన నెల రేపల్లె వెళ్ళాలని మళ్ళీ కారు అడిగారు. నేను నోరు విప్పేలోగా జేబులోంచి లైసెన్సు తీసి బల్ల మీద పెట్టారు. ఇద్దరం నవ్వుకున్నాము. తాళం ఇచ్చాను.

మీకూ ఇటువంటి అనుభవాలుంటే వ్యాఖ్యలలో తెలుపగలరు. స్వస్తి.