గృహవిజ్ఞానము: ఆట మందగించినపుడు



ఇంటిలో ఏ యంత్రమైనను మొరాయించినపుడు దానిని నాలుగు తట్టులు తట్టి, పిల్లలను కోపగించి, పిదప క్రొత్తది కొనుటను గూర్చి ఆలోచించుట మనకు వాడుక. కారణ మెరుంగక చేసిన చికిత్స ధనమును హరించునే కాని రోగమును హరింపదు. ఈ మాసమున మేము టెలివిజనుకు తగిలించి ఆడు గేమింగ్ కన్సోలును గూర్చి వ్రాయదలచితిమి. మీట నొక్కిన కొంతసేపటికి గాని బొమ్మ కదలకుండుట, వీరుడు నిలిచి నిలిచి నడచుట మొదలగు జాడ్యమును పిల్లలు ‘ల్యాగ్’ అందురు. ఆడువారు పిల్లలే కానక్కర లేదు. కోడలు కావచ్చును, మీరే కావచ్చును.

దృష్టాంతముగా ‘స్కైరిమ్’ అను ఆటను గైకొందము. అమెరికాలోని బెథెస్డా సంస్థవారు దీనిని 2011వ సంవత్సరము నవంబరు 11వ తేదీన వెలువరించిరి. ఇందు ఒక దేశమంతయు ఆడువారి యెదుట పరచియుండును. ఏ కొండ యెక్కినను, ఏ ఊరు చొచ్చినను అడ్డు లేదు. వందలకొలది గంటలు ఆడినవారు కలరు. అయితే సోనీవారి ప్లేస్టేషన్ 3 కన్సోలుపై మొదట చక్కగా నడచిన యీ ఆట, ఆడినకొలది మందగించి, కొందరికి అడుగు తీసి అడుగు వేయలేని స్థితికి వచ్చినది.

దీనికి కారణము మన పద్దుల పుస్తకమువంటిది. ఆడువారు తెరచిన పెట్టె, చంపిన శత్రువు, త్రోవలో జారవిడిచిన కత్తి, బల్లపైనుండి దొర్లించిన గిన్నె, ఇట్టి మార్పులనెల్ల ఆట వ్రాసికొనును. ఆ వ్రాత నిలువయుండు చోటే సేవ్ ఫైలు. ఆట సాగినకొలది పుస్తకము లావగును. యంత్రము దానిని విప్పి చూచుకొను పీట మాత్రము పెరుగదు. ప్లేస్టేషన్ 3లో జ్ఞాపకశక్తి 256 మెగాబైట్ల చొప్పున రెండు అరలుగా విభజింపబడినది. ఒకటి లెక్కలకు, రెండవది బొమ్మలకు. ఆ కాలపు ఎక్స్‌బాక్స్ 360లో 512 మెగాబైట్లును ఒకే అరగా నుండుటచే ఒక పనికి చాలనిచో రెండవదానినుండి సర్దుకొనుట సులభము. సేవ్ ఫైలు అయిదారు మెగాబైట్లు దాటిన పిమ్మట బాధ మొదలైనట్లు ప్లేస్టేషన్ 3పై ఆడినవారు పలువురు గుర్తించిరి.

కాబట్టి మొదట చేయవలసినది పరీక్ష. అదే యంత్రముపై అదే ఆటను క్రొత్తగా మొదలుపెట్టి అరగంట ఆడిచూడుడు. ఇట్లు చేయునపుడు పాత సేవ్‌పై క్రొత్తదానిని వ్రాయకుండ జాగ్రత్తపడవలెను. క్రొత్త ఆట చక్కగా నడచి పాతది మాత్రమే కుంటినచో దోషము యంత్రమునందు లేదు, సేవ్ ఫైలునందే కలదు. ఏ ఆట యాడినను మీటకును బొమ్మకును నడుమ ఒకే విధమగు ఆలస్యము కనబడినచో టెలివిజనును అనుమానింపుడు. దాని అమరికలలో ‘గేమ్ మోడ్’ ఉన్నయెడల పెట్టిచూడుడు. గాలి సోకని బీరువాలో నుంచిన కన్సోలు వేడెక్కి, పంకా హోరుమని, తుదకు తానే ఆగిపోవును. అది వేరు జబ్బు. దుమ్ము తుడిచి, చుట్టును గాలి యాడనిండు. ఇక ఇంటర్నెట్ మాట. స్కైరిమ్ ఒక్కరు ఆడుకొను ఆట, ఆడుటకు ఇంటర్నెట్‌తో పని లేదు. దీనికొరకై నెలసరి రుసుము హెచ్చించుట వ్యర్థము.

దోషము సేవ్ ఫైలుదని తేలినచో ముందు దాని ప్రతిని యు.ఎస్.బి. పుల్లలోనికి ఎత్తి దాచుడు. ఇది మరువరాదు. కన్సోలులో సర్వమును తుడిచి మొదటికి తెచ్చు అమరిక యొకటి కలదు. విసుగుతో దానిని నొక్కినచో ఆరు మాసముల ఆట ఒక్క నిమిషములో మాయమగును. పోయినదానికొరకు పిల్లవాడు ఏడ్చిన, అది వట్టి మారాము కాదని మా యభిప్రాయము.

పిమ్మట సంస్థవారి సవరణలను, అనగా ప్యాచ్‌లను, ఎక్కించుకొనుడు. 2011 నవంబరు చివరను, 2012 ఫిబ్రవరిలోను వచ్చిన సవరణలు చాలమందికి మేలు చేసినవి. ఆటలోని అమరికలలో ఆటోసేవ్‌లను ఆపివేసి, చేతితోనే సేవ్ చేసికొనుడు. గంట, గంటన్నర కొకసారి ఆటను పూర్తిగా మూసి మరల తెరచినచో పీట ఖాళీయై కొంతసేపు ఊరట కలుగును. దొరకిన వస్తువునెల్ల నేలపై కుప్పవేయక అంగడిలో అమ్మివేయవలెను.

మరియొక ఉపాయము కలదు. ఆటలో ఒక్కొక్క స్థలము మనము విడిచిన పదిదినములకు, శత్రువులను పూర్తిగా తొలగించిన స్థలమైనచో ముప్పదిదినములకు, పూర్వస్థితికి వచ్చును. ఇవి ఆటలోని దినములు. ఒక ఇంటిలో నిలిచి, ఒక్కొక్క తడవ 24 గంటల చొప్పున ‘వేచియుండుట’ను ముప్పదిసార్లు చేసినచో పాత పద్దులు కొన్ని కొట్టివేయబడును. ఆడువారు కొనుక్కొన్న ఇంటిలోని సొత్తు మాత్రము చెక్కుచెదరదు.

ఇన్నిటివలనను పూర్తిగా కుదురునని మేము చెప్పజాలము. పీట చిన్నది కావుట మారదు గదా! ‘డాన్‌గార్డ్’ అను అనుబంధ కథ ఎక్స్‌బాక్స్‌కు 2012 జూనులోనే రాగా, ప్లేస్టేషన్ 3కు 2013 ఫిబ్రవరి వరకును రాలేదు. ఆ యంత్రముపై దాని నడక తృప్తికరముగా లేదని ఆ సంస్థవారే చెప్పిరి. 2016 అక్టోబరులో ప్లేస్టేషన్ 4కు వెలువడిన ప్రత్యేక ప్రతికి 8 గిగాబైట్ల జ్ఞాపకశక్తి అండగా దొరకినది. అయితే పాత కన్సోలులోని సేవ్ ఫైలు అందులోనికి రాదు. కథ మొదటినుండి ఆడవలెను. కొనుటకు ముందే యీ సంగతి ఇంటిలోని ఆటగానికి తెలుపుడు. తన వీరుని విడిచి క్రొత్తవానితో బయలుదేరుటకు ఇష్టపడునో, మెల్లగానైనను పాతవానితోనే కథ ముగింపనెంచునో ఆతడే చెప్పవలెను. పాతదానితోనే చాలునన్నచో మీ సొమ్ము మీకు మిగులును.