‘ఎక్స్‌పెడైట్’ అను మాటకు తెలుగు లేదట!

గత సంవత్సరము మా సంఘ కార్యవర్గ సమావేశమున ఒక విజ్ఞాపన ప్రస్తావనకు వచ్చినది. పట్టణమందలి యొక ప్రాథమిక పాఠశాలలో తెలుగు చెప్పు ఉపాధ్యాయుని స్థానము రెండేండ్లుగా ఖాళీగా నున్నది. ఆ నియామకమును త్వరలో జరిపింపుడని అధికారులను కోరవలెను. విజ్ఞాపనమును తెలుగుననే వ్రాయుదమని మేమంటిమి. వెంటనే ఒక విద్యాధిక మిత్రుడు లేచి, “అంతయు తెలుగున వ్రాయవచ్చును గాక, ‘ఎక్స్‌పెడైట్’ అను మాట నెట్లు వ్రాయుదురు? దానికి మన భాషలో సరియైన మాట లేదే!” అని యడిగెను. సభ్యులు నవ్విరి. తేనీరు చల్లారకమునుపే విజ్ఞాపన మాంగ్లమున వ్రాయుటకు తీర్మానమైనది. తెలుగు ఉపాధ్యాయుడు కావలెనని తెలుగువారు తెలుగున నడుగలేకపోయిరి; కారణ మొక్క క్రియాపదము!

మేము మెట్రిక్యులేషను మాత్రమే చదివినవారము. ఆంగ్లభాషా పాండిత్యము మాకు లేదు. అయినను ముప్పదియేండ్లకు పైగా గుమాస్తా పనిచేసినవారమగుటచే ఈ యొక్క మాటతో మాకున్న పరిచయము ఆ మిత్రునికున్నదానికంటె తక్కువ కాదు. ఇండ్లలో, అంగళ్లలో, స్నేహితుల నడుమ ఆంగ్లేయులు సయితము ఈ మాటను అంతగా వాడరు. ఇది కచేరీల మాట. ఫైలు అంచున ఎఱ్ఱసిరాతో వ్రాయు మాట. దీనిని వ్రాసిన యధికారులను వందలుగా చూచితిమి; దీని యర్థ మెఱిగి వ్రాసినవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. కొందఱు దీనిని ‘ఎక్స్‌పీడియేట్’ అని కూడ వ్రాసిరి. అట్టి మాట శుద్ధమైన ఆంగ్లమున లేదు.

ఈ పదమునకు మూలము లాటిను భాష. ‘ఎక్స్’ అనగా వెలికి. ‘పెస్’ అనగా పాదము, సమాసములలో ‘పెడ్’ అగును. పాదములను చిక్కునుండి వెలికి తీయుట, కాలికట్లు విప్పుట యని దీని మొదటి యర్థము. దీనికి ఎదురుమాట ‘ఇంపీడ్’, అనగా పాదములకు తగులము వేయుట. రోమను సైన్యముల వెంట నడచు మూటముల్లెలకు ‘ఇంపెడిమెంట’ యని పేరు. ఆ బరువు లేక నడచు సైనికునికి ‘ఎక్స్‌పెడిటుస్’ అని పేరు. ఆ లాటిను ‘పెద్’కును మన సంస్కృత పదమగు ‘పాద’మునకును ఒకే పుట్టుక యని భాషాశాస్త్రజ్ఞు లంగీకరించిరి. కాబట్టి మా మిత్రుడు తెలుగునకు దూరమని తలచిన మాట నడుమ మన పాదమే దాగియున్నది. తెలుగున బయలుదేరునపుడు “పద!” అనుచుందుము గదా, దానిని కూడ ఇచ్చట చేర్చినచో మా వాదమునకు బలము వచ్చును. కాని ఆ ‘పద’ వేఱు. అక్కఱకు వచ్చినదని తప్పు వ్యుత్పత్తి చెప్పజాలము.

ఇక దీని ప్రయోగము. ఇది సకర్మక క్రియ. దీనికి కర్మ పని, గాని పనిచేయువాడు కాడు. ఒక వ్యవహారమును ఎక్స్‌పెడైట్ చేయుదురు, గుమాస్తాను చేయరు. ‘హరీ’ అన్నచో మనుష్యుని తొందరపెట్టుట. ‘యాక్సిలరేట్’ అన్నచో ఉన్న వేగమును పెంచుట. దాని మూలము వేగమనియే చెప్పును. ‘ప్రెసిపిటేట్’ అను మఱొక క్రియ కలదు. దానిలో పాదము లేదు, శిరస్సున్నది. తలక్రిందులుగా పడద్రోయుట యని దాని మొదటి భావము. మా యధికారులలో పెక్కురు పాదమును తలచి శిరస్సు పని చేసినవారే. కార్ఖానాలలో ‘ఎక్స్‌పెడైటరు’ అని యొక యుద్యోగి యుండును. ఏ సరకు ఎచ్చట చిక్కుకొనినదో కనుగొని, దానిని విడిపించి ముందునకు నడపుట యతని పని. కూలీలపై అరచుట కాదు.

మేము చేరిన తొలి దినములలో ఒక కచేరీయందు ఒక విధవరాలి కుటుంబ పింఛను ఫైలు చూచితిమి. దానిలో తొమ్మిది రిమైండర్లు. తొమ్మిదింటను ఈ మాటయే. మొదట మామూలు లేఖ, పిమ్మట ‘ప్రాధాన్యము’, ఆ పిమ్మట ‘తక్షణము’ అను చీటీలు. చీటీ రంగు మాఱుచుండెను, ఫైలు మాత్రము కదలకుండెను. ప్రతి రిమైండరును ఒక శాఖ తపాలున వచ్చి, రిజిస్టరున నంబరు పొంది, తక్కిన కాగితముల క్రింద చేరుచుండెను. మా హెడ్డుగుమాస్తా యొకనాటి మధ్యాహ్నము ఆ ఫైలును మొదటినుండి చదివెను. ఆ మృతుని సర్వీసు పుస్తకమున ఒక పుటయందు ఒక సంతకము లేదు. అంతే! ఆయన ఆ పుస్తకమును చంకన పెట్టుకొని, మెట్లు దిగి, ఆవరణ దాటి, ప్రక్క కట్టడములోని శాఖకు నడచిపోయెను. గంటలో సంతకముతో తిరిగివచ్చెను. ఆ నెలలోనే ఉత్తరువు వెలువడినది. తొమ్మిదిమార్లు ఆ మాటను వ్రాసినవారిలో నొకడును దాని యర్థమును ఆచరింపలేదు. ఎన్నడును వ్రాయని యీయన పాదములతో ఆచరించెను.

ఇపుడు మా మిత్రుని ప్రశ్నకు వత్తము. దీనికి ‘త్వరితపఱచుట’, ‘సత్వరము చేయుట’ యని సర్కారు తెలుగున మాటలు గలవు. మేము వానిని మెచ్చము. పాణినీయ ధాతుపాఠమున త్వర ధాతువునకు సంభ్రమమని యర్థము చెప్పబడినది. సంభ్రమమనగా తొట్రుపాటు, కంగారు. చిక్కు విప్పుమనుటకు కంగారుపడుమని యనువదింతుమా? ‘తొందరపెట్టుట’ మఱింత పొరబాటు. పూర్వము తొందర యనగా బాధ, చిక్కు అను నర్థము కూడ వాడుకలో నుండెడిది. చిక్కు తీయుమన్న మాటకు చిక్కుపెట్టుమని తెలుగు చేసినట్లగును!

మఱి సరియైన మాట యేది? ఆ మిత్రుని యింటనే ప్రతి యుదయమును వినబడు మాటయే. పిల్లలు బడికి పోవువేళ ఇల్లాలు “ఇంకను తెమలలేదా?” యని యడుగును. పెండ్లిలో పెద్దలు “ముందు ఈ పని తెమల్చుడు” అందురు. కోర్టులో చిక్కుకొనిన ఆస్తిని గూర్చి “ఆ వ్యవహారము తెమలుట లేదు” అందురు. తెమలుట యనగా చిక్కులు తీఱి, పని సిద్ధమై, కొలిక్కి వచ్చుట. తెమల్చుట యనగా అట్లు వచ్చునట్లు చేయుట. దీనిలో కంగారు లేదు, కొరడా లేదు. ‘ఎక్స్‌పెడైట్’ అను మాటకు ఇంతకంటె దగ్గఱ మాట మఱియొకటి మాకు తోచుట లేదు. దీనికి లోపమున్న దేమనగా ఇది వంటయింటినుండి వచ్చినది, కచేరీలో పుట్టలేదు. మన విద్యాధికులకు ఇల్లాలి మాట మాటగా తోపదు. లాటిను కాలికట్టు గౌరవప్రదము, తెలుగు తెమలుట గ్రామ్యము! అసలు వ్యాధి ఇచ్చట నున్నది. భాషలో మాట లేకపోవుట వేఱు, ఉన్న మాటను కాగితముపై పెట్టుటకు సిగ్గుపడుట వేఱు.

కొందఱు మఱొక యాక్షేపణ చేయుదురు. “ఒడిశా అధికారికి తెలుగు రాదు గదా, ఎవరు చదువుదురు?” అని. ఇది యుక్తమైన ప్రశ్నయే, దీనిని మేము త్రోసివేయము. 1936 ఏప్రిల్ 1వ తేదీన గంజాము మద్రాసు రాజధానినుండి విడివడి ఒరిస్సాలో చేరినది. ఇల్లు మాఱకయే రాష్ట్రము మాఱినవారము మేము. ఒడియా మాకు పరాయిది కాదు, మా పిల్లల స్నేహితుల భాష. కాని రాజ్యాంగపు 350వ అధికరణము ప్రకారము ఏ పౌరుడైనను తన కష్టమును గూర్చిన విజ్ఞాపనమును కేంద్రమునగాని ఆ రాష్ట్రమునగాని వాడుకలో నున్న ఏ భాషయందైనను సమర్పింపవచ్చును. 1956లో ఏడవ సవరణచే చేరిన 350-ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపుమని రాష్ట్రములను కోరుచున్నది. ‘యత్నింపుము’ అనునది కూడ పాదములు లేని క్రియాపదమేయని మా యనుభవము. ఆ యత్నమును నడపవలసినవారము మనమే. తెలుగు ప్రతితో ఒడియా అనువాదమును జతపఱచినచో అధికారికి అవగాహనయగును, మన హక్కును నిలుచును. ఆంగ్లమున వ్రాసినచో తెలుగు మాకు నిజముగా అవసరమాయని ఆయన యడిగిన నేమందుము?

ఆ యాంగ్ల విజ్ఞాపన యేమైనదో కూడ చెప్పవలెను. అది పోయినది. మూడు మాసములకు దాని నకలొకటి మా కంటబడినది. అంచున మూడు బల్లలవద్ద మూడు చేతివ్రాతలలో అదే మాట వ్రాయబడియున్నది. ఖాళీ స్థానము ఖాళీగనే యున్నది. ఎచ్చట చిక్కుకొనినదో, జాబితాలోనా, మంజూరులోనా, విద్యార్థుల సంఖ్య పంపుటలోనా, కనుగొనుటకు మాలో నొకడైనను ఆ కచేరీ మెట్లెక్కలేదు. మేమును ఎక్కలేదు, ఆ తప్పు మాదియు నగును.

అధికారులకు వ్రాయుట యటుండనిండు. సంఘము తన సభ్యులకు పంపు సమావేశపు నోటీసులు, ఉగాది యాహ్వానములు సయితము ఆంగ్లముననే వచ్చుచున్నవి. వానిని చదువువారిలో ఒడియా అధికారి లేడు. అచ్చట ఏ క్రియాపదము అడ్డుపడినదో కార్యదర్శిగారు సెలవీయవలెను.

వచ్చు సమావేశమునకు విజ్ఞాపనమును మేము తెలుగున వ్రాసి తెచ్చుచున్నాము. నియామక వ్యవహారమును తెమల్పుడని అందు స్పష్టముగా వ్రాసితిమి. ఒడియా అనువాదము మా మనుమరాలు సిద్ధము చేయుచున్నది. సంతకములైన మఱునాడు దానిని తపాలున వేయక, ఇద్దఱు సభ్యులు చేతబట్టుకొని పోయి ఆ శాఖయందిచ్చి, చిక్కెచ్చటనో యడిగి రావలెనని మా కోరిక. ఒకరము మేము. రెండవవారు ఆ విద్యాధిక మిత్రుడే కావలెనని కార్యవర్గమును ప్రార్థించుచున్నాము.